ఊదా ఆకుల బీచ్ కంచెకు ముహూర్తం మేలో కాదు, నవంబరులో

సంపాదకులకు,

నమస్కారం. విదేశాల్లో స్థిరపడ్డ తెలుగువారి ఇళ్ల తోటల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో, ఇంగ్లండ్‌లోని ఒక ఇంటి ముందున్న ఊదా ఆకుల కంచె ఫొటో వేశారు. అది బీచ్ చెట్టుతో పెంచిన కంచె. నర్సరీల్లో కాపర్ బీచ్ అనీ, పర్పుల్ బీచ్ అనీ అమ్ముతారు, రెండూ ఒకటే. ఫొటో కింద రాసిన నాలుగు వాక్యాల్లో మూడు తప్పులు దొర్లాయి. ఏడాది పొడవునా ఊదారంగులో ఉంటుందన్నారు, ఎలాంటి నేలలోనైనా వస్తుందన్నారు, వేసవి మొదట్లో కుండీ మొక్కలు తెచ్చి పాతితే చాలన్నారు. ఈ మాటలు నమ్మి మే నెలలో యాభై మొక్కలు కొన్నవాళ్లకు ఆగస్టు నాటికి చాలావరకు ఎండుపుల్లలే మిగులుతాయి. ఇక్కడ తోటపనే నా వృత్తి కాబట్టి ఈ సవరణ రాస్తున్నాను.

ముందు రంగు సంగతి. ఇది వేరే జాతి చెట్టు కాదు. యూరప్ అడవుల్లో పెరిగే మామూలు పచ్చ బీచ్‌లోనే తనంతట తాను పుట్టిన మార్పు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ప్రాంతంలో ఇలాంటి చెట్లున్నట్టు 1680లోనే రాసిపెట్టారు. జర్మనీలో థురింజియా ప్రాంతపు పోసెన్ అడవిలో దొరికిన చెట్టు సంతతి తర్వాత తోట తోటకూ పాకింది. ఆకులో పచ్చదనం లేక కాదు, దాన్ని కప్పేసేంతగా ఆంథోసయనిన్ ఉండటం వల్ల ఊదాగా కనిపిస్తుంది. మన వంకాయ తొక్కకు రంగునిచ్చేదీ ఆ కుటుంబపు వర్ణకమే. బీచ్ ఆకులో అది నిండుగా తయారవ్వాలంటే ఎండ తగలాలి. ఇంటికి ఉత్తరాన, గోడ నీడలో నాటిన కాపర్ బీచ్ చావదు గానీ, మురికి పచ్చగా తిరిగిపోతుంది. అలాంటి చోట డబ్బు ఎక్కువ పెట్టి ఊదా మొక్క కొనడం దండగ. పచ్చ బీచ్ వేసుకోవడం మేలు.

ఎండ ఉన్న చోట కూడా రంగు ఏడాదంతా ఒకేలా ఉండదు. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో సన్నని, మొనదేలిన మొగ్గలు విచ్చుకున్నప్పుడు ఆకు రాగి కలిసిన గులాబీ రంగులో, అంచున తెల్లని నూగుతో, వెలుతురు ఇవతలికి కనిపించేంత పలచగా ఉంటుంది. జూన్‌కల్లా ముదిరి నేరేడు పండు రంగుకు వస్తుంది. ఆగస్టులో పచ్చ కలిసిన కంచు రంగు, అక్టోబరులో రాగి రంగు, ఆ తర్వాత చలికాలమంతా ఎండాకు గోధుమరంగు. ఆ ఎండాకు రాలకుండా వసంతం దాకా కొమ్మనే పట్టుకుని ఉండటమే బీచ్ కంచె గొప్ప. ఆకురాల్చే చెట్టే అయినా చలికాలంలో ఇంటికి మరుగు ఉంటుంది. అయితే ఈ గుణం లేత కొమ్మలకే ఉంటుంది. ఏటా కత్తిరిస్తూ రెండు, రెండున్నర మీటర్ల ఎత్తు లోపల ఉంచిన కంచెలోనే ఆకు నిలుస్తుంది. కత్తిరించకుండా వదిలేస్తే అది పాతిక మీటర్లు దాటే మహావృక్షం, అక్టోబరు, నవంబరులో ఆకంతా రాల్చేస్తుంది. స్కాట్లండ్‌లోని పెర్త్‌షైర్‌లో మీకిలవర్ గ్రామం దగ్గర 1745లో నాటిన పచ్చ బీచ్ కంచె అర కిలోమీటరు పొడవున, సుమారు 30 మీటర్ల ఎత్తున నేటికీ ఉంది. ప్రపంచంలో అతి ఎత్తయిన కంచెగా దానికి గిన్నిస్ గుర్తింపు ఉంది. మీ ప్రహరీ పక్కన నాటబోయేది ఈ జాతేనని గుర్తుంటే కత్తెర మరిచిపోరు.

ఇక నేల. బీచ్‌కు సుద్దనేల ఇష్టం, ఇసుక కలిసిన ఎర్రనేల పరవాలేదు, నీరు నిలిచే బంకమట్టి పనికిరాదు. ఇంగ్లండ్‌లో బీచ్ అడవులకు పేరున్న చిల్టర్న్ కొండలు సుద్దరాతి కొండలే. లండన్ చుట్టుపక్కల చాలాచోట్ల ఉన్న బంకమట్టిలో ఆ సుఖం లేదు. నాటే ముందు ఒక పరీక్ష చేయండి. డిసెంబరులో అర మీటరు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. మర్నాటికి కూడా నీరు ఇంకకపోతే ఆ చోట బీచ్ మానేసి హార్న్‌బీమ్ వేయండి. దాని ఆకు ఇంచుమించు బీచ్ ఆకులాగే ఉంటుంది, తడి బంకమట్టిని ఓర్చుకుంటుంది, కాకపోతే ఊదారంగులో రాదు. మనవాళ్లు ఎక్కువగా కొనే కొత్త కాలనీ ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. పైన పలచగా పచ్చిక చాప పరిచి ఉంటుంది. కింద యంత్రాలు తిరిగి గట్టిపడ్డ అడుగుమట్టి, ఇటుక ముక్కలు. గొయ్యి వరకే తవ్వి నాటితే ఆ గొయ్యే నీళ్ల తొట్టి అవుతుంది, వేరుకుళ్లు మొదలవుతుంది. మొక్క మే వరకూ బాగానే చిగురించి, జూన్‌లో ఉన్నపళంగా వాడిపోతే అనుమానించాల్సింది దీన్నే.

కొనేటప్పుడు బేర్ రూట్ మొక్కలు అడగండి. అంటే వేళ్లకు మట్టి లేకుండా కట్టలుగా అమ్మేవి. ఇవి నవంబరు నుంచి మార్చి దాకా, చెట్టు నిద్రలో ఉన్నప్పుడే దొరుకుతాయి. కుండీ మొక్క ఏడాదంతా దొరుకుతుంది గానీ ధర చాలా ఎక్కువ, పైగా వేళ్లు కుండీలో గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. 60 నుంచి 80 సెంటీమీటర్ల మొక్క కంచెకు సరైనది. మీటరున్నర మొక్క కొంటే ముందే కంచె వచ్చేస్తుందన్నది భ్రమ. పెద్ద మొక్క వేళ్లు ఎక్కువగా తెగి, రెండేళ్లు కదలకుండా కూర్చుంటుంది, ఆలోపు చిన్న మొక్క దాన్ని అందుకుంటుంది. తొలి ఏడాది ఎదుగుదల దాదాపు కనపడదు. కుదురుకున్నాక ఏడాదికి 30 సెంటీమీటర్లకు అటూ ఇటూగా పెరుగుతుంది. మనిషి ఎత్తు కంచెకు అయిదారేళ్లు పడుతుందని లెక్కవేసుకుని దిగండి.

కంచె మొక్కలు విత్తనం నుంచి వచ్చినవి కాబట్టి అన్నీ ఒకే రంగులో ఉండవు. ఒకటి నల్లగా, ఇంకొకటి కాస్త పచ్చగా రావచ్చు. చలికాలంలో ఆకు లేనప్పుడు చూసి తేల్చుకోలేరు. వేసవిలోనే రంగు చూసి ఏరి పెట్టిన మొక్కలా అని నర్సరీని అడగాలి. రివర్సీ, రోహానీ, డావిక్ పర్పుల్ లాంటి పేరున్న రకాలు అంటుకట్టినవి. ఒంటరి చెట్టుగా పెంచుకోవడానికే గానీ కంచెకు కాదు. ఒకే వరసైతే మొక్కకూ మొక్కకూ 33 సెంటీమీటర్లు, అంటే పది మీటర్లకు 30 మొక్కలు. కుక్క దూరనంత చిక్కగా కావాలంటే 40 సెంటీమీటర్ల ఎడంతో రెండు వరసలు, వరసలో 40 సెంటీమీటర్లకు ఒకటి, ఎదురెదురుగా కాకుండా సందు విడిచి సందుగా. పది మీటర్లకు 50. ఏ లెక్కనైనా పదికి ఒకటి అదనంగా కొని పెరట్లో ఓ మూల నాటిపెట్టండి. మూడేళ్ల తర్వాత నడిమధ్యలో ఒకటి పోతే అదే వయసు మొక్క బయట దొరకదు.

అన్నీ ఊదావే కావాలా అన్నదీ ఆలోచించండి. ఎర్ర ఇటుక ఇంటి ముందు ముప్పై అడుగుల ముదురు ఊదా గోడ జూలైలో బరువుగా, చీకటిగా కనిపిస్తుంది. తెల్లగోడకైతే అందం. నన్నడిగితే నాలుగు పచ్చ మొక్కలకు ఒక ఊదా కలిపి నాటమంటాను. వరసక్రమం పాటించకుండా అక్కడక్కడా వేస్తే బాగుంటుంది, ఖర్చూ తగ్గుతుంది.

నాటే రోజు ఎక్కువ మొక్కలు చచ్చేది గాలికి. బీచ్ సన్నవేళ్లు బయటపడి చలిగాలి తగిలితే నిమిషాల్లో ఎండుతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు. కట్ట విప్పి మొక్కల్ని వరస పొడవునా పేర్చుకుంటూ పోవడం అందుకే తప్పు. వేళ్లను తడిగోనెలోనో ప్లాస్టిక్ సంచిలోనో ఉంచి, ఒక్కొక్కటే తీసి నాటాలి. ముందు ఓ గంట బకెట్ నీళ్లలో నాననివ్వండి, రాత్రంతా వద్దు. ఆ వారం నాటడం కుదరకపోతే ఓ మూల ఏటవాలుగా చాలు తీసి వేళ్లు మట్టితో కప్పేయండి, వారాల తరబడి ఆగుతాయి.

సరిహద్దు నుంచి కనీసం 50 సెంటీమీటర్లు లోపలికి జరిగి తాడు కట్టి, అర మీటరు వెడల్పు, పారలోతు, అంటే 30 సెంటీమీటర్ల కాలువ తీయాలి. అడుగుమట్టిని తోట ఫోర్క్‌తో, అంటే ముళ్లపారతో, గుల్ల చేయాలి గానీ కంపోస్టు పోయకూడదు. అది కుళ్లి అణిగేకొద్దీ మొక్క కిందికి దిగిపోతుంది. కాండం మొదట్లో రంగు మారిన గీత ఒకటి కనిపిస్తుంది, నర్సరీలో మట్టి ఎక్కడిదాకా ఉండేదో చెప్పే గీత. అది సరిగ్గా నేలమట్టానికి రావాలి. రెండు వేళ్లంత లోతు ఎక్కువైనా బీచ్ సహించదు. తవ్విన మట్టే తిరిగి వేసి, వేళ్ల మధ్య ఖాళీలు లేకుండా మొక్కను కొద్దిగా ఊపుతూ నింపి, మడమతో తొక్కాలి. కొన పట్టుకుని మెల్లగా లాగితే కదలకూడదు. మంచు కురిసి గడ్డకట్టిన రాత్రుల తర్వాత మట్టి ఉబ్బి మొక్కలు పైకి తేలతాయి, మళ్లీ తొక్కాలి. కుందేళ్లు తిరిగే చోట కాండానికి 60 సెంటీమీటర్ల ప్లాస్టిక్ చుట్ట తొడగాలి. గుంటలో ఎరువు వేయొద్దు.

తొలి రెండు వేసవుల్లో నీళ్లే ప్రాణం. బీచ్ వేళ్లు లోతుకు పోవు, మట్టి పైపొరలోనే పరుచుకుంటాయి. వాన లేని వారంలో మొక్కకు 5 నుంచి 8 లీటర్లు ఒకేసారి పోయాలి. రోజూ గ్లాసెడు చిలకరిస్తే వేరు ఇంకా పైకే వస్తుంది. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. అలాంటి వేడిలో ఆకు అంచులు ముందుగా గోధుమరంగుకు తిరిగి, చుట్టుకుపోతాయి. గొట్టంతో నీళ్లు పట్టడం మీద నిషేధం పెట్టినప్పుడు బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి పోసుకోవచ్చు. దీనికన్నా ముఖ్యం, మొదట్లో గడ్డి లేకుండా చూడటం. కంచెకు రెండువైపులా అర మీటరు మేర మూడేళ్లపాటు గడ్డి మొలవనీయకుండా, 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన చెక్కపొట్టు పరచండి, కాండానికి తగలకుండా. మే వచ్చినా చిగురు వేయని మొక్కను పీకేయొద్దు. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉందంటే బతికే ఉంది. నాటిన ఏడాది కొన్ని జూన్ దాకా మేల్కోవు.

కత్తిరింపు దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. నాటగానే తల మూడోవంతు నరకమని కొన్ని నర్సరీ కాగితాల్లో ఉంటుంది. హాథార్న్, ప్రివెట్ లాంటి వేరే కంచె మొక్కలకు ఇంతకన్నా గట్టి నరుకు కూడా సరిపోతుంది, ఎందుకంటే నరికితే తప్ప అవి కింద గుబురు కావు. బీచ్ మొదటినుంచీ కింద కొమ్మలు వేసే చెట్టు. తొలి రెండేళ్లు నడిమి కొమ్మ జోలికి పోకుండా, బారుగా సాగిన పక్కకొమ్మల కొనలు మాత్రం ఓ మొగ్గ పైన కత్తిరిస్తే చాలు. మూడో ఏడాది నుంచి ఏటా ఒకసారి, ఆగస్టు నడిమిలో. అప్పటికి ఆ ఏటి ఎదుగుదల ముగిసి ఉంటుంది కనుక మళ్లీ మే దాకా కంచె చెదరదు, ఎండాకు నిలిచే లేతకొమ్మలూ మిగులుతాయి. చలికాలంలో కత్తిరిస్తే ఆ ఆకులే పోతాయి. కంచె అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండాలి. అడుగు 60 సెంటీమీటర్లుంటే పైన 40. నిటారుగానో, పైన లావుగానో ఉంచితే కింది కొమ్మలకు వెలుతురు అందక మోకాలు ఎత్తు దాకా బోడిగా తయారవుతుంది. కోరిన ఎత్తుకు ఓ 15 సెంటీమీటర్లు ఇవతలే నడిమి కొమ్మ తుంచితే పైభాగం చిక్కబడుతుంది.

ఊదా బీచ్‌కు మాత్రమే ఉన్న చిక్కొకటి ఇక్కడ చెప్పాలి. ఆగస్టులో పైపొర కత్తిరించగానే లోపల నీడలో ఉన్న ఆకులు బయటపడతాయి, అవి పచ్చగా ఉంటాయి. తెగులు పట్టిందని కంగారుపడతారు. ఏమీ లేదు, మే నెలలో కొత్తాకు రాగానే రంగు తిరిగొస్తుంది. వేసవంతా రంగు నిండుగా కావాలనుకుంటే జూన్ చివర్లో ఒకసారి పలచగా కత్తిరించండి. రెండో విడత చిగురు మెరిసే ఎరుపులో వచ్చి పచ్చ మచ్చల్ని కప్పేస్తుంది. ఆగస్టు చివర్లో మరోసారి సవరించాలి, పని రెట్టింపు. మండుటెండ రోజున మాత్రం కత్తిరించొద్దు, నీడకు అలవాటుపడ్డ ఆకు మాడిపోతుంది. కత్తెర పెట్టే ముందు కొమ్మలు విడదీసి గూళ్లున్నాయేమో చూడాలి. వాడుకలో ఉన్న పక్షిగూడును తెలిసీ పాడుచేయడం బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం, అడవిపావురాలు సెప్టెంబరులో కూడా పొదుగుతాయి.

కొన్న ఇంట్లో పాత కంచె రెండు మీటర్ల మందాన బలిసి ఉంటే దాన్ని పీకేయనక్కర్లేదు. ఫిబ్రవరిలో ఒక పక్క మాత్రమే కాండం దాకా కొట్టి, ఎరువు, నీళ్లు ఇవ్వండి. అది బాగా చిగిర్చాక, మరుసటేడో ఆ పై ఏడో రెండో పక్క. రెండు పక్కలూ, పైభాగమూ ఒకే ఏడాది కొడితే ఈ చెట్టు కోలుకోవడం అనుమానమే.

పురుగుల్లో ఒకటే ముఖ్యం. మే, జూన్‌లలో ఆకు అడుగున తెల్లని దూది పేలికలు కనిపిస్తాయి. మన మందారానికి పట్టే పిండినల్లి అనుకుంటారు గానీ, ఇది బీచ్‌కు మాత్రమే పట్టే పేనుబంక. ఆకు ముడుచుకుంటుంది, బంక కారి దానిమీద నల్లటి మసి పడుతుంది. కుదురుకున్న కంచెకు దీనివల్ల ప్రమాదం లేదు. గొట్టంతో నీళ్లు బలంగా కొడితే చాలా వరకు పోతుంది, మిగిలింది అక్షింతల పురుగులు చూసుకుంటాయి. మనవాళ్లు వెంటనే వేపనూనె వెతుకుతారు. బ్రిటన్‌లో దాన్ని పురుగుమందుగా వాడటానికి అనుమతి లేదు. ఎండిన కొమ్మల మీద నారింజ, గులాబీ రంగు చుక్కలు తేలితే ఆరోగ్యంగా ఉన్న భాగం దాకా కోసి తీసేయండి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి నా సలహా పూర్తిగా వేరు. న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఒహాయో వైపు ఇప్పుడు బీచ్ నాటవద్దు. 2012లో ఒహాయోలో తొలిసారి కనిపించిన బీచ్ ఆకు తెగులు తూర్పు రాష్ట్రాలకు పాకింది. కంటికి కనపడని నులిపురుగు మొగ్గల్లో చేరి ఆకును పాడుచేస్తుంది. ఆకులోని ఈనెల మధ్య ముదురు పట్టీలు, తోలులా మందమైన ఆకు, విచ్చుకోని మొగ్గలు దాని గుర్తులు. యూరప్ బీచ్‌కూ, అందులోని ఊదా రకాలకూ కూడా సోకుతుంది. ఊదా ఆకు మీద ఆ పట్టీలు తేలిగ్గా కనపడవు, కింద నిలబడి ఆకును ఆకాశానికి అడ్డంగా చూడాలి. లేత మొక్కలు కొన్నేళ్లలోనే చనిపోతాయి. అక్కడ కూడా హార్న్‌బీమే నయం.

ఇక ఇరుగుపొరుగు తగాదాలు. రెండు మీటర్లు దాటితే కౌన్సిల్ వచ్చి కొట్టేస్తుందన్న మాట ఇంగ్లండ్‌లో బీచ్‌కు వర్తించదు. ఎత్తు కంచెల మీద ఫిర్యాదుకు వీలిచ్చే 2003 నాటి చట్టం ఏడాదంతా పచ్చగా ఉండే, లేదా ఇంచుమించు అలా ఉండే చెట్లకే. ఎండాకు నిలుపుకున్నా బీచ్ ఆ లెక్కలోకి రాదు. స్కాట్లండ్‌లో 2013 చట్టంలో ఆ మినహాయింపు లేదు. ఇవి పక్కన పెట్టినా, కొత్త కాలనీల్లో ఇంటి ముందు కంచె పెంచకూడదన్న షరతు కొన్నిసార్లు ఇంటి పత్రాల్లోనే ఉంటుంది. మొక్కలకు డబ్బు కట్టే ముందు అది చదవండి.

చివరగా, ఆ ఫొటో చూసి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీచ్ కోసం వెతుకుతున్నవారికి. బీచ్ మొగ్గ విచ్చుకోవాలంటే ముందు నెలల తరబడి చలి, ఆ తర్వాత బాగా సాగే వసంతపు పగళ్లు కావాలి. మన మైదానాల్లో రెండూ లేవు. ఎవరైనా మొక్క అమ్మజూపినా కొనవద్దు. ఎర్రాకు కంచె కావాలంటే కడియం నర్సరీల్లో అకాలిఫా అడగండి. నిండు ఎండలో, రెండడుగుల ఎడంతో, వానల మొదట్లో నాటితే ఏడాది తిరిగేసరికి నడుమెత్తు కంచె వస్తుంది. దానికి ఏటికొక్క కత్తిరింపు చాలదు, రెండు నెలలకొకసారి కొనలు తుంచుతూ ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రెడింగ్, ఇంగ్లండ్